అక్క చూసిన కొండలు

నిన్న మధ్యాహ్నం మా మనవరాలు పక్కవీధి ప్లీడరుగారింటి నుంచి ఒక చెక్కపెట్టె పట్టుకొచ్చింది. కళ్ళకి ఆనించుకుని చూడడానికి దానికి రెండు గాజుబిళ్ళలున్నాయి. లోపల అట్టముక్క పెడితే అందులోని బొమ్మ లేచి నిలబడినట్టు కనిపిస్తుంది. ప్లీడరుగారి స్నేహితుడెవరో దొరల సీమ నుంచి తెచ్చారట.

"ఇది చూడు అమ్మమ్మా, ఇటలీ అనే దేశమట."

చూశాను. రెండు కొండల మధ్య పెద్ద చెరువు. కొండల నెత్తిన సున్నం కొట్టినట్టు మంచు. ఒడ్డున తెల్లటి మేడలు. నీళ్ళ మీద చిన్న పడవ, అందులో టోపీలు పెట్టుకున్న ఇద్దరు దొరసానులు. ఒకావిడ పడవ అంచు మీదికి వంగి చెయ్యి నీళ్ళలో పెట్టింది.

"వీళ్ళు ఏ మొక్కు తీర్చుకోడానికి వెళ్తున్నారే?" అని అడిగాను.

మనవరాలు నవ్వింది. "మొక్కేంటి అమ్మమ్మా? ఊరికే చూడ్డానికి. కొండల్ని చూడ్డానికే పడవెక్కుతారట."

ఊరికే చూడ్డానికి! పెట్టె తిరిగి ఇచ్చేశాను గాని ఆ మాట నన్ను వదల్లేదు. ఎప్పటిదో పాత కుళ్ళు ఒకటి పైకి లేచింది. ఆ దొరసానుల మీద కాదు. మా అక్క మీద.

మా ఊరు భీమవరానికి కాస్త దూరం. నా చిన్నతనంలో రైలు లేదు, గోదావరి మీద వంతెన లేదు. ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక పడవే మాకు బండి. మా ఊళ్ళో ఎత్తయినవంటే తాడిచెట్లు, గడ్డివాములు. ఏ వైపు చూసినా చేలే. కొండ అనే మాట మేము కథల్లో వినడమే.

మా ఇళ్ళలో ఆడవాళ్ళకి ఘోషా. చిన్నపిల్లగా ఉన్నన్నాళ్ళు వీధిలో తిరగొచ్చు. పెద్దదయ్యాక లోగిలి దాటాలంటే మేనా ఉండాలి, మేనాకి తెర ఉండాలి. మా అమ్మ కాపురానికి వచ్చాక మా ఇంటి ముందున్న కాలవ మళ్ళీ చూసి ఎరగదు. పడవ వెళ్తుంటే దాన్ని నడిపే సరంగు కేక విని, "అది ఉప్పు పడవ", "ఇది వడ్ల పడవ" అని వంటింట్లోంచే చెప్పేది.

అక్క అంటే మా పెదనాన్నగారి కూతురు. నాకన్నా కొన్నేళ్ళు పెద్ద. నా జడ తనే వేసేది. తాటితేగ చీల్చితే లోపలుండే తియ్యటి చందమామ తను తినకుండా నాకు పెట్టేది. తనకి కోరుకొండ వైపు సంబంధం చేశారు. వాళ్ళది మాకన్నా పెద్ద ఇల్లు, మాకన్నా కట్టుబాటు ఎక్కువ. పెళ్ళయిన మరుసటి శీతాకాలం ముక్కోటికి ఆ అత్తింటివాళ్ళు పడవ కట్టించుకుని భద్రాచలం వెళ్తూ తననీ తీసుకెళ్ళారు.

ఎండాకాలం ఆవకాయల వేళకి అక్క పుట్టింటికొచ్చింది. లోగిలంతా ఆవపిండి ఘాటు, గానుగ నూనె కమ్మదనం. ఆడవాళ్ళంతా కత్తిపీటలు ముందేసుకుని మామిడికాయలు కొడుతూ అక్క చుట్టూ చేరారు. ఆ ఇంట్లో కొండల్ని దాటి వచ్చిన ఆడది తనొక్కతే.

"పాపికొండల దగ్గరికొచ్చేసరికి చలే మారిపోతుంది పిన్నీ," అని చెబుతోంది మా అమ్మకి. "కొత్త కుండలో చెయ్యి పెట్టినట్టుంటుంది. అప్పటిదాకా పడవ కింద గలగలమంటున్న నీళ్ళు ఒక్కసారి నోరు మూసుకుంటాయి. అంత లోతన్నమాట. సరంగు కేకేస్తే ముందు ఒక కొండ పలుకుతుంది, ఆ తర్వాత రెండోది."

"అమ్మో!" అంది అమ్మ. కత్తిపీట మీద కాయ అలాగే ఉండిపోయింది.

నేను వెనక నిలబడి వింటున్నాను. అమ్మ నా మాటలు ఎప్పుడూ అలా నోరు తెరుచుకుని వినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కొండలు ఏ రంగులో ఉంటాయి?" అని అడిగాను.

"కొండ రంగులోనే."

"ఎంతెత్తుంటాయి?"

అక్క నావైపు చూసి తల తిప్పుకుంది. "చెప్తే తెలిసేవి కావే. చూడాలి."

ఎంత గర్వం అనుకున్నాను. ఆ మధ్యాహ్నం తన మజ్జిగ చెంబులో ఇంత ఉప్పు కలిపాను. ఒక్క గుక్క తాగి, నన్ను చూసి నవ్వి, మిగతాదంతా తాగేసింది. తిట్టినా బాగుండేది.

తను అత్తింటికి వెళ్ళిపోయాక కూడా ఆ కుళ్ళు తగ్గలేదు. ఒకరోజు కళ్ళంలో రెండు గడ్డివాముల మధ్య నిలబడి గొంతు చించుకుని కేకేశాను. ఏ వామూ పలకలేదు. పాలేరు పరుగెత్తుకొచ్చి, "పామేమైనా కనబడిందా అమ్మాయిగారూ?" అని అడిగాడు. ఆ రోజు అన్నం తినలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆ వానాకాలం మా నాన్నగారికి విషజ్వరం వచ్చింది. మామ్మ, అంటే నాన్నగారి తల్లి, భద్రాచలం రాముడికి మొక్కుకుంది. జ్వరం తగ్గింది. ముక్కోటికి మామ్మ ప్రయాణం కట్టింది. తోడు బాబాయి. నన్ను తీసుకెళ్ళమని ఏడ్చి గోల చేస్తే సరేనన్నారు. బయల్దేరే రోజు అమ్మ నాకు తల దువ్వుతూ నెమ్మదిగా అంది:

"అన్నీ కళ్ళనిండా చూసి రా అమ్మడూ. వచ్చే ఏడాదికి నువ్వూ లోపలే."

నా సంతోషం పట్టరానిదే గాని, పడవెక్కాక మామ్మ చెప్పిన మాటతో అదంతా చప్పబడింది. రాజమండ్రిలో అక్క కూడా మా పడవ ఎక్కుతుందట. వియ్యాలవారు ఒప్పుకున్నారట.

"తనొకసారి చూసిందిగా మామ్మా!"

"దేవుణ్ణి ఒక్కసారి చూస్తే సరిపోతుందంటే?"

"నేను దేవుడి మాట అనడం లేదు," అన్నాను. మామ్మకి అర్థం కాలేదు.

మాది గూడు పడవ. వెదురు తడకల గూడు కింద ఆడవాళ్ళకి చోటు. పాత చెక్క, గుగ్గిలం, చేపనూనె కలిసిన వాసన. దాని మీద బాబాయి కాల్చే లంకపొగాకు చుట్ట వాసన. మామ్మ అరిటాకుల్లో పులిహోర కట్టించింది, డబ్బానిండా సున్నుండలు చేయించింది. కాలవ గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ మెత్తగా నడిచేది. నేను గూడు పైన కూర్చునేదాన్ని. విజ్జేశ్వరం లాకు దగ్గర తలుపులు మూసి నీళ్ళు వదిలితే పడవ మమ్మల్ని మోసుకుని పైకి లేచింది. దీని మాట అక్క ఎప్పుడూ చెప్పలేదు, ఇది నాదే అనుకుని తెగ మురిసిపోయాను. తలుపులు తెరుచుకుంటే ఎదురుగా గోదావరి. అవతలి ఒడ్డు గీత గీసినట్టుంది.

రాజమండ్రి రేవులో అక్క మేనా దిగింది. ఇద్దరు మనుషులు ఇటూ అటూ దుప్పట్లు ఎత్తి పట్టుకుంటే మధ్యలోంచి నడిచొచ్చింది. నాకు తన పాదాలు, కడియాలు తప్ప ఏమీ కనబడలేదు. వెంట ఒక పెద్దావిడ దిగింది. అక్క అత్తగారికి అప్పగారు, విధవరాలు. కోడలి కట్టుబాటు చూసుకోమని వాళ్ళు పంపిన మనిషి. ఎక్కీ ఎక్కగానే గూడు తలుపుకి తెరగా జంపఖానా కట్టించింది. తడకల మీద చాపలు వేయించింది. అక్క వెళ్ళి ఓ మూల చెక్కకి ఆనుకుని కూర్చుంది. అది తనకి అలవాటైన చోటులా ఉంది.

పడవ ఎగువకి సాగింది. ఏది కనబడినా నేను గూడు మీంచి జారి, తెర పక్కకి తీసి, లోపలికి పరుగెత్తేదాన్ని.

"అక్కా, నది మధ్యలో కొండ మీద గుడి!"

"పట్టిసం. ఇందాకే గంట వినబడింది."

మరుసటి రోజు మళ్ళీ వెళ్ళాను. "అక్కా, పోలవరం వచ్చింది!"

"ఇవాళ సంత లాగుంది. మేకలు అరుస్తున్నాయి చూడు."

సంతే. మేకలే. నేను మోసుకెళ్ళిన ప్రతిదీ తన దగ్గర ముందే ఉంది. ఒకసారి ఎంత బాగా చూసిందో, రెండోసారి తలెత్తి చూడాల్సిన పని కూడా లేదు అనుకున్నాను. తనకోసమని సరిగ్గా సగం చేసి తెచ్చిన సున్నుండ గుమ్మంలోనే నేను తినేశాను.

ఆ మర్నాడు తెల్లవారేసరికి గాలి మారింది. నేను దుప్పటి కప్పుకుని పైకెక్కాను. మొదట మంచు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ మంచులోంచి గోడల్లాంటివి రెండు వచ్చాయి. నది వాటి మధ్యలోకి, తలలో పాపిడి తీసినట్టు, సన్నగా దూరిపోయింది. పడవవాళ్ళు గెడలు పైన పడేసి తెడ్లు అందుకున్నారు.

"గెడకి నేల అందదండి ఇక్కడ," అన్నాడు సరంగు బాబాయితో. "తాటిచెట్టు నిలబెట్టినా మునుగుతుందండి."

నేను కేకేశాను. కొండ పలికింది. మళ్ళీ కేకేశాను, మళ్ళీ పలికింది. కాకిలా అరుస్తూనే ఉన్నాను. ఆ తర్వాత ఈ కొండలు నావే అని చెప్పడానికి లోపలికి పరుగెత్తాను.

"అక్కా, వచ్చేశాం!"

"తెలుసు. నీళ్ళు నోరు మూసుకున్నాయి."

ఇక ఆగలేకపోయాను. "నీకు అన్నీ తెలుసు! నేను చూసినవి ఒక్కటైనా నీకు తెలియకుండా ఉండవు! అయితే చెప్పు, కుడివైపు కొండ పెద్దదా, ఎడమవైపుదా? చెప్పు!"

అక్క ఓసారి వెనక్కి చూసింది. పెద్దావిడ ఓ పక్కన కునుకు తీస్తోంది. అక్క నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. తన చెయ్యి చల్లగా ఉంది.

"ఏది పెద్దదే?" అని గుసగుసగా అడిగింది. "చెప్పవే. పచ్చగా ఉంటాయా? నల్లగానా? నిజంగా ఆకాశం కనబడదా?"

నేను తన మొహంలోకి చూశాను. "నువ్వు చూశావుగా?"

"ఎక్కడ చూశానే? వెళ్ళేటప్పుడూ ఈ చెక్కే, వచ్చేటప్పుడూ ఈ చెక్కే. మా అత్తింటి మగవాళ్ళు పైన కూర్చుని మాట్లాడుకుంటుంటే విన్నాను. ఒకసారి తడక సందులోంచి చూశాను. జానెడు నీళ్ళు కనబడ్డాయి."

ఇన్ని నెలలు నేను కుళ్ళుకున్నది ఆ జానెడు నీళ్ళ కోసమా! ముందు నాకు జాలి వేయలేదు, మోసపోయినట్టు అనిపించింది. ఆ తర్వాత మాత్రం ఉత్సాహం పుట్టుకొచ్చింది. ఇప్పుడు చూసినదాన్ని నేను, వినాల్సింది తను. ఎదురుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.

"పెద్దగా ఉన్నాయక్కా. చాలా పెద్దగా. చెట్లున్నాయి."

"ఏం చెట్లు?"

"చెట్లే."

"రాళ్ళో?"

"రాళ్ళూ ఉన్నాయి."

అక్క నా చెయ్యి వదిలేసింది. "పైన కూర్చుని ఏం చూస్తున్నావే నువ్వు?" అంది. మెల్లగానే అంది గాని గొంతులో కోపముంది. తనకి దక్కనిచోట నన్ను చూసి తనెంత మండిపోతోందో నాకు అప్పుడు తెలిసింది.

మామ్మ తులసిపూసలు తిప్పుతూ అటు తిరిగి కూర్చుంది. వింటోందని మేము అనుకోలేదు. పూసలు పక్కన పెట్టి తెర దగ్గరికి వెళ్ళి బాబాయిని పిలిచింది.

"అబ్బాయీ, పడవ ఒడ్డుకి పట్టించు. ఆడవాళ్ళు స్నానాలు చెయ్యాలి."

ఆ మాటకి పెద్దావిడ లేచింది. "ఇక్కడా? ఇంతమంది మగాళ్ళు ఉండగానా? మా కోడలు దిగదండి."

"పుణ్యానికి వచ్చాం వదినగారూ," అంది మామ్మ. "గోదావరి స్నానం తెరలోపల చెంబుతో చేస్తే దేవుడు ఒప్పుకుంటాడేంటండీ? మగాళ్ళని నేను పంపించేస్తాను. తప్పయితే నాది."

"కొంచెం పైకెళితే ఇసుకతిన్నె ఉందండి అమ్మగారూ," అన్నాడు సరంగు బయట నుంచి. "మేమంతా ఆ బండ అవతలికి పోయి పుల్లలు ఏరుకుంటామండి. పిలిచేదాకా రామండి."

దేవుడి మాట వచ్చాక పెద్దావిడకి అడ్డు చెప్పడానికి వీల్లేకపోయింది. పడవ తిన్నె చేరింది. మగవాళ్ళంతా బండ మలుపు తిరిగి వెళ్ళిపోయారు. మామ్మ తెర ఎత్తి పట్టుకుంది.

అక్క వంగి బయటికి వచ్చింది. ముందు తన పాదాలే చూసుకుంది. తడి ఇసుకలో అవి దిగబడుతుంటే ఒక్కో అడుగూ వేసింది. ఆ తర్వాత నీళ్ళు చూసింది. నీళ్ళ అవతల కొండ మొదలు చూసింది. అక్కణ్ణుంచి కళ్ళు ఎత్తడం మొదలుపెట్టింది. ఎత్తుతూనే ఉంది, కొండ అవలేదు. ముసుగు జారి భుజాల మీద పడింది. ఇంకా ఎత్తింది. ఆఖరికి కొండ చివర, ఎండ తగిలి మంచు విడుతున్నచోట చూపు ఆగింది. అలాగే తలెత్తి ఇసుకలో కూర్చుండిపోయింది.

నేను ఆ కొండ వైపు తిరిగి చూశాను. పొద్దుటి నుంచి చూస్తున్న కొండే. తనకి అందులో ఏం కనబడిందో నాకు కనబడలేదు. తన మొహం చూస్తే, పందిట్లో పెళ్ళినాడు కూడా అలా లేదు. తెర తీసినందుకు సంతోషించాల్సింది పోయి నాకు మళ్ళీ పాత కుళ్ళే వచ్చింది. ఈసారి మరీ ఎక్కువగా వచ్చింది.

అంతలో అక్క, ఎవరూ ఊహించనట్టు, గొంతెత్తి పిలిచింది.

"అమ్మా!"

కుడికొండ "అమ్మా" అంది. ఎడమకొండ "అమ్మా" అంది. తన గొంతుతోనే అన్నాయి. గడప దాటి వినబడకూడని గొంతు అది. ఆ గండి అంతా తిరిగి వచ్చింది.

పెద్దావిడ పరుగున వచ్చి తన నోరు మూసింది. "ఎంత పని చేశావే!" అంది. అలా నోరు మూసి పట్టుకునే ఆవిడా తలెత్తింది. ఆవిడా ఎన్నిసార్లో ఈ దారిన వచ్చిన మనిషే, ఎన్నడూ చూడని మనిషే. అక్క నోటి మీది చెయ్యి నెమ్మదిగా దిగింది. ఆ తర్వాత స్నానాలు చేశాం. నీళ్ళు ఎముకలు కొరికేశాయి.

మగవాళ్ళు తిరిగొచ్చాక ఎవరూ ఎవరి మొహం చూడలేదు. బాబాయి చుట్ట వెలిగించుకుంటూ, "ఇందాక కొండకోడి ఏదో అరిచినట్టుందమ్మా," అన్నాడు.

"అవునండి," అన్నాడు సరంగు. "ఈ కొండల్లో అలాంటి పిట్టలున్నాయండి." తెడ్డు వేశాడు.

భద్రాచలంలో దర్శనం చేసుకున్నాం, మొక్కు తీరింది. తిరుగు ప్రయాణంలో ప్రవాహం మీద పడవ జారిపోతూ వచ్చింది, కొండల దగ్గర ఎవరూ ఆపమనలేదు. పెద్దావిడ దారి పొడవునా అక్కని కన్నకూతురిలా చూసుకుంది, తన చేత్తో అన్నం కలిపి పెట్టింది. అయినా ఇంటికెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కని మా ఊరు పంపలేదు. తొలి పురుడు కూడా అక్కడే పోశారు. మామ్మ పోయినప్పుడు సైతం రాలేదు. నేనూ, అమ్మ చెప్పినట్టే, మరుసటి ఏడాది లోగిట్లోకి వెళ్ళిపోయాను.

మళ్ళీ అక్కని నేను చూసింది మా పెద్దమ్మాయి పెళ్ళిలో. జుట్టు సగం నెరిసింది. పెళ్ళివారి హడావుడి మధ్య సరుకుల గదిలో ఇద్దరం తమలపాకులు తుడుస్తూ కూర్చున్నాం. పాపికొండలు గుర్తున్నాయా అని అడిగాను.

అక్క ఆకు కింద పెట్టింది.

"ఎడమకొండ మీద మంచు ఇంకా వదల్లేదు," అంది. "కుడికొండకి నడుందాకా ఎండొచ్చింది. రాతి పగుల్లోంచి ఒక తెల్లటి చెట్టు నీళ్ళ మీదికి వంగుంది. ఒక్క ఆకు లేదు దానికి. చివరి కొమ్మ మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. పైన ఒకచోట అడవి నరికి పోడు కాల్చిన మచ్చ, దాని పక్కనుంచి సన్నగా పొగ. నీళ్ళు ఒడ్డున పచ్చగా ఉన్నాయి, మధ్యలో నల్లగా. నువ్వు ఎర్ర పరికిణీ పైకి దోపుకుని నిలబడ్డావు. నా వైపు ఎంత కుళ్ళుగా చూశావే! ఎందుకే అలా చూశావు?"

అంత పొద్దు పైన కూర్చున్న నాకు ఆ చెట్టు గుర్తులేదు, ఆ పక్షి గుర్తులేదు.

"ఆ కాసేపట్లో ఇవన్నీ ఎప్పుడు చూశావక్కా?"

"మళ్ళీ చూడనని తెలుసుగా," అంది. ఆకు తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.

అక్క పోయి చాలాకాలమైంది. ముసలితనం వచ్చి కట్టుబాట్లు సడలాక, మా అబ్బాయి నన్ను ఆవిరిపడవ మీద రెండు మూడు సార్లు భద్రాచలం తీసుకెళ్ళాడు. కుర్చీ వేసి పైనే కూర్చోబెట్టాడు. తెర లేదు, ముసుగు లేదు. గండి వచ్చినప్పుడల్లా తలెత్తి పొద్దస్తమానం చూశాను. కొండలు బాగున్నాయి. చెట్లున్నాయి, రాళ్ళున్నాయి. అంతకన్నా ఏమీ చెప్పలేను. నాకు దక్కిన ప్రయాణాలన్నీ ఇచ్చేసి, అక్కకి దక్కిన ఆ ఒక్క స్నానమంత సేపు తీసుకుంటావా అని ఎవరైనా అడిగితే, ఇప్పుడైనా సరే, చెయ్యి చాస్తాను. తను మాత్రం ఇవ్వదు.